డిస్క్ ఆగితే పాట ఆగకూడదు

(శ్రీనగర్ కాలనీలో జరిగిన మన సంఘం సాంస్కృతిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను చెడిపోయిన ల్యాప్‌టాప్ గురించి మాట్లాడతాను. సాంస్కృతిక సభలో ఈ ముచ్చటేమిటని మీకు అనిపించవచ్చు. ఒక్కసారి ఆలోచించండి. మన అమ్మమ్మల పాటలు ఇప్పుడు ఎక్కడున్నాయి? తీజ్ ఫోటోలు, దండారి వీడియోలు, పోయిన పెద్దల గొంతులు ఎక్కడ దాచుకున్నాం? ఎవరిదో ఒకరి ఫోన్‌లో, ఎవరిదో ఒకరి ల్యాప్‌టాప్‌లో. ఆ పెట్టె ఆగిపోతే ఏమవుతుందన్నది సంస్కృతి ప్రశ్నే.

2024వ సంవత్సరం గుర్తుచేసుకోండి. జూన్‌లో కోయ డోలి కళాకారుడు, పద్మశ్రీ సకిని రామచంద్రయ్య గారు పోయారు. అక్టోబర్‌లో మార్లవాయి గుస్సాడీ గురువు, పద్మశ్రీ కనకరాజు గారు పోయారు. వాళ్ళు పెద్ద పేరున్నవాళ్ళు కాబట్టి వాళ్ళ పాట, ఆట చాలామంది దగ్గర రికార్డయి ఉన్నాయి. కానీ మన తండాల్లో, గూడేల్లో పత్రికకెక్కని గాయనులు ఎందరో ఉన్నారు. వాళ్ళు పోతే మిగిలేది మనవరాలు సరదాగా ఫోన్‌లో పట్టుకున్న నాలుగు నిమిషాల ఆడియో ఒక్కటే.

ఈ హాలు నుంచి పైకి ఎక్కితే బంజారాహిల్స్. ఒకప్పుడు మా లంబాడీలు బతికిన గుట్టలవి. ఇప్పుడు అక్కడ కుమ్రం భీం ఆదివాసీ భవనం, సేవాలాల్ బంజారా భవనం ఉన్నాయి. 2022 సెప్టెంబర్ 17న ప్రారంభమయ్యాయి. కిందికి దిగి ఎల్లారెడ్డిగూడ మీదుగా నడిస్తే అమీర్‌పేట, మైత్రీవనం. మన పిల్లలు ఊరి నుంచి బస్సెక్కి వచ్చి కంప్యూటర్ కోర్సులు నేర్చుకునేది అక్కడే. నేను చెప్పబోయేది ఆ అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్‌లో ఉన్న అమ్మాయి సంగతి. మా దగ్గర పదో తరగతి దాకా చదివింది. పేరు చెప్పను. తను చెప్పమన్న మేరకే చెబుతాను.

ఆ అమ్మాయి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనుక్కుంది. అందులో కోర్సు ప్రాజెక్టు, సర్టిఫికెట్ల స్కాన్లు, ఫోటోలు ఉన్నాయి. వాటితోపాటు తన నానీ పాడిన ఇరవై ఏడు పాటలు ఉన్నాయి. కొన్ని తీజ్ పాటలు, ఎక్కువ ఢావలోలు. పెళ్ళికూతురు పుట్టిల్లు విడిచేటప్పుడు ఏడుస్తూ పాడే పాట ఢావలో. అది ఎవరూ పుస్తకం చూసి నేర్చుకునేది కాదు. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. పెద్దవాళ్ళు పక్కన కూర్చుని పాడుతుంటే పట్టుకోవాల్సిందే. ఆ నానీ అప్పటికే పోయింది. ఫోన్‌లో జాగా చాలక పాటలన్నీ ల్యాప్‌టాప్‌లోకి మార్చింది పిల్ల.

ఒకరోజు మంచం మీది నుంచి ల్యాప్‌టాప్ జారి పడింది. మర్నాడు తెరుచుకోవడానికి పావుగంట పట్టింది. ఆ తర్వాత లోపల టక్ టక్ మని చప్పుడు మొదలైంది. రూంలో వాళ్ళు తలా ఒక సలహా ఇచ్చారు. ఒకరు మళ్ళీ మళ్ళీ ఆన్ చేయమన్నారు. ఇంకొకరు డిస్క్ తీసి ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. దగ్గర్లోని ఒక రిపేర్ షాపులో "ఫార్మాట్ కొట్టిస్తే బాగైపోతుంది" అన్నారు. పిల్ల ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. నేను మా పాఠశాలలో కంప్యూటర్ చెప్పే సార్‌ను అడిగాను. ఆయన ఒక్కటే మాట అన్నారు: "ముందు ఆపేయమనండి. ఇంకొక్కసారి కూడా ఆన్ చేయొద్దు."

ఎందుకు ఆపేయాలో ఆయన చెప్పిన తీరు మీకూ చెబుతాను. పాత రకం హార్డ్ డిస్క్‌లో అద్దంలా నున్నటి పళ్ళేలు ఉంటాయి. ల్యాప్‌టాప్‌లలో వచ్చేవి ఎక్కువగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి. వాటి మీద చదివే ముల్లు పళ్ళేన్ని తాకకుండా గాలిలో తేలుతూ ఉంటుంది. ఆ మధ్య ఉండే సందు మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. కింద పడినప్పుడు ఆ ముల్లు దెబ్బతింటే పళ్ళేన్ని గీకే ప్రమాదం ఉంది. గీకిన చోట ఉన్నది ఇక ఎవరూ తేలేరు. మనం ఆన్ చేసిన ప్రతిసారీ ఆ గీత పెరగవచ్చు. ఫ్రిజ్‌లో పెడితే లోపల చెమ్మ చేరుతుంది. ఫార్మాట్ కొట్టిస్తే డిస్క్ బాగుపడదు, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

ఇక్కడ మా పిల్లల కోసం ఇంకో మాట. ఫైల్ పోవడంలో మూడు రకాలున్నాయి.

మొదటిది, ల్యాప్‌టాప్ చెడింది, డిస్క్ బాగుంది. స్క్రీన్ పోయినా, బోర్డు కాలినా, విండోస్ తెరుచుకోకపోయినా డిస్క్‌లో ఉన్నది అలాగే ఉంటుంది. డిస్క్‌ను బయటికి తీసి, చిన్న కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్ళు కనబడతాయి. దీనికి పెద్ద ఖర్చు లేదు.

రెండోది, డిస్క్ బాగుంది, ఫైల్ చెరిగిపోయింది. దీన్ని మా హాస్టల్ రిజిస్టర్‌తో పోల్చి చెబుతాను. రిజిస్టర్‌లో ఒక పిల్ల పేరు కొట్టేసినంత మాత్రాన ఆ పిల్ల ట్రంకు పెట్టె మంచం కింద నుంచి మాయమవదు. ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేదాకా అక్కడే ఉంటుంది. పాత రకం డిస్క్‌లో ఫైల్ డిలీట్ చేస్తే పోయేది రిజిస్టర్‌లో పేరే. కొత్త ఫైల్ వచ్చి ఆ మంచం మీద పడుకునే లోపల పాతది వెనక్కి తేవచ్చు. అందుకే ఆ డిస్క్‌లో కొత్తగా ఏదీ దించకూడదు, వెతికే సాఫ్ట్‌వేర్‌ను కూడా. టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి, కానీ వాటిని ఇంకో కంప్యూటర్‌లో పెట్టుకుని వాడాలి. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లలో వచ్చే ఎస్‌ఎస్‌డీలు వేరు. పేరు కొట్టేశారని తెలియగానే వచ్చి మంచం ఖాళీ చేసేసే ఆయమ్మ లాంటివి అవి. వాటిలో డిలీట్ అయినది తిరిగి రావడం చాలా కష్టం.

మూడోది, డిస్కే దెబ్బతింది. టక్ టక్ అంటుంది, లేదా కంప్యూటర్‌కు అసలు కనబడదు. ఇది మన చేతుల్లో పని కాదు. దుమ్ము లేని గదిలో డిస్క్ విప్పగలిగే ల్యాబ్‌కు ఇవ్వాలి. మా పిల్లది ఈ మూడో రకం.

ల్యాబ్‌వాళ్ళు చెప్పిన ఖర్చు ఆ పిల్ల నెల హాస్టల్ ఫీజు కన్నా ఎక్కువ. అందుకని డబ్బు కట్టే ముందు నేను తనను కూర్చోబెట్టి ఒక తెల్ల కాగితం ఇచ్చాను. "ల్యాప్‌టాప్‌లో ఏమేం ఉన్నాయో రాయి. ఒక్కొక్కదాని పక్కన, ఇది ఇంకెక్కడైనా దొరుకుతుందా అని రాయి" అన్నాను.

రాస్తూ పోతే దుఃఖం సగం తగ్గింది. కుల ధ్రువీకరణ పత్రం మీసేవలో మళ్ళీ తీసుకోవచ్చు. ఆధార్, మార్కుల మెమోల్లో కొన్ని డిజిలాకర్‌లో ఉన్నాయి. అసలు కాగితాలు ఎలాగూ ట్రంకు పెట్టెలో ప్లాస్టిక్ కవర్‌లో ఉన్నాయి. ప్రాజెక్టు ఫైల్ సార్‌కు మెయిల్ చేసింది, అది పంపిన మెయిళ్ళలో దొరికింది. ఫోటోలు చాలావరకు స్నేహితుల వాట్సాప్‌లలో ఉన్నాయి. చివరికి కాగితం మీద ఎక్కడా దొరకనివిగా మిగిలింది నానీ పాటలే.

అప్పుడు వాటి గురించీ ఫోన్లు చేయించాను. పుణేలో ఉన్న పిన్ని కూతురికి ఎప్పుడో నాలుగు పాటలు పంపింది. ఆ పిల్ల చెరపలేదు. తండాలో మేనమామ ఫోన్‌లో పెళ్ళి వీడియో ఉంది, అందులో రెండు పాటలు వినబడుతున్నాయి. మొత్తం ఆరు పాటలు డిస్క్ విప్పకుండానే వచ్చాయి. మిగిలిన ఇరవై ఒకటి కోసమే ల్యాబ్‌కు వెళ్ళాం. ఏం కావాలో, ఏం అక్కర్లేదో తెలిశాక వెళ్ళాం. నేను మీకు చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. పోయినదాన్ని డిస్క్‌లో వెతికే ముందు మనుషుల దగ్గర వెతకాలి.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఇంకో మాట చెప్పాలి. ల్యాప్‌టాప్‌లో పిల్లల సొంత ఫోటోలు, మాటలు ఉంటాయి. దాన్ని తెలియని షాపులో వదిలి రావడమంటే ఇంటి తాళంచెవి ఇచ్చి రావడమే. ఒక్కతే వెళ్ళకూడదు. డిస్క్ మీద ఉండే సీరియల్ నంబర్ రాయించి రసీదు తీసుకోవాలి. పాత డిస్క్ తిరిగి ఇవ్వాలని, దొరికిన ఫైళ్ళు మనం తెచ్చిన కొత్త డిస్క్‌లో వేయాలని, వాళ్ళ దగ్గర కాపీ ఉంచుకోవద్దని ముందే రాతలో అడగాలి. ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో నంబర్‌కు ఫోన్ చేస్తే "మీ ఫోన్‌లో ఈ యాప్ వేసుకోండి, మేం దూరం నుంచే బాగుచేస్తాం" అనేవాళ్ళుంటారు. వేయకండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

కొత్త ల్యాప్‌టాప్ వాడే పిల్లలకు ఇంకొకటి. విండోస్‌లో బిట్‌లాకర్ అని ఒక తాళం ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే పడి ఉంటుంది. దానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. అది లేకపోతే డిస్క్ బాగున్నా లోపలిది ఎవరూ చదవలేరు. ఇవాళ ఇంటికి వెళ్ళగానే ఆ కీ ఎక్కడుందో చూసి కాగితం మీద రాసి పెట్టెలో పెట్టుకోండి.

ల్యాబ్‌లో పని మూడు వారాలు పట్టింది. వాళ్ళు పనిచేసే పద్ధతి మన పత్తి ఏరడం లాంటిది. మొదటి ఏరుడులో బాగా విచ్చిన కాయలు తీసుకుంటాం, గట్టిగా ఉన్నవాటి జోలికి పోం. తర్వాత మళ్ళీ ఆ సాళ్ళలోకే వస్తాం. వాళ్ళు కూడా ముందు డిస్క్‌లో సులువుగా చదవగలిగే భాగమంతా ఇంకో డిస్క్‌లోకి దించుకుంటారు. చెడిన చోట్లను వదిలేసి, చివర్లో ఓపికగా మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తారు. చెడిన చోటే ముందు మొండిగా కూర్చుంటే, బాగున్నది తీసుకునే లోపలే డిస్క్ చచ్చిపోవచ్చు.

ఇరవై ఒకటిలో పద్నాలుగు పాటలు పూర్తిగా వచ్చాయి. నాలుగు మధ్యలో తెగిపోయాయి. మూడు రాలేదు. వచ్చినవాటికి కూడా పేర్లు లేవు. ఫైళ్ళ పేర్లుండే రిజిస్టర్ భాగమే పాడైంది. అన్నిటికీ ఎఫ్ అనే అక్షరం, పక్కన పొడుగాటి అంకె. ఏ పాట ఎప్పటిదో, ఎవరి పెళ్ళిలోదో కంప్యూటర్‌కు తెలియదు.

ఆ పెన్‌డ్రైవ్ పట్టుకుని దసరా సెలవుల్లో పిల్ల తండాకు వెళ్ళింది. ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కటీ వినిపించింది. "ఇది మా పెద్దబిడ్డ పెళ్ళినాటిది, వెనక మేకపిల్ల అరుస్తోంది చూడు" అని ఒకామె. "ఇది నానీ గొంతు కాదే, నానీ చెల్లెలిది" అని ఇంకొకామె. రెండు రోజుల్లో అన్నిటికీ పేర్లు వచ్చాయి. తెగిపోయిన పాటలను ఒక పెద్దమ్మ అందుకుని పూర్తిచేసింది. పిల్ల అదీ రికార్డు చేసుకుంది. కానీ తర్వాత నాతో ఫోన్లో అంది, "మేడం, పెద్దమ్మ బాగా పాడింది, కానీ నానీ పాడినట్టు లేదు." నిజమే. ఉండదు. నానీ ఎక్కడ ఊపిరి తీసుకునేదో, ఏ మాట దగ్గర గొంతు జీరబోయేదో ఆ డిస్క్ మీది గీతలో పోయింది. పాట దొరికింది, ఆ పాడడం దొరకలేదు. ఆ తేడా మనం దాచుకోకూడదు. కాపీ ఉంటే పోయేది కాదు.

పెద్ద పెద్ద సంస్థలకూ ఇదే జరిగింది. బ్రెజిల్‌లో రియో డి జనీరోలోని జాతీయ మ్యూజియం 1818లో మొదలైంది. 2018 సెప్టెంబర్ 2 రాత్రి అది తగలబడింది. అక్కడి ఆదివాసీ భాషల రికార్డులు కూడా కాలిపోయాయి. వాటిలో ఇప్పుడు మాట్లాడేవాళ్ళే మిగలని భాషలున్నాయి. మర్నాటి నుంచి అక్కడి మ్యూజియాలజీ విద్యార్థులు ఏం చేశారో తెలుసా? మ్యూజియంలో మీరు ఎప్పుడైనా తీసుకున్న ఫోటోలుంటే పంపండి అని దేశాన్నంతా అడిగారు. అంత పెద్ద సంస్థ కూడా చివరికి మనుషులనే అడిగింది. మా పిల్ల పుణేకి ఫోన్ చేసినట్టే.

దొరికినా చదవలేని కష్టం ఇంకొకటుంది. మన సంఘాల పాత సావనీర్లు, కరపత్రాలు చాలావరకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టినవి. ఇప్పుడు ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. ఫైల్ ఉంది, మాట లేదు. ఆ ఫాంట్ ఉన్న పాత కంప్యూటర్ పనిచేస్తుండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఇందులో మన గోండు అన్నలు మనకు దారి చూపించారు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో ఇళ్ళల్లో కాపాడుకున్న రాతప్రతులలోని లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. దానికి ఏడాది ముందే, 2017లో, మసరాం గోండి లిపి చేరింది. ఒక లిపి యూనికోడ్‌లో చేరిందంటే, అందులో రాసింది ఒక్క కంప్యూటర్‌కు, ఒక్క ఫాంట్‌కు కట్టుబడి ఉండదు. ఇంకొకరి యంత్రంలోనూ అదే అక్షరం అదే అక్షరంగా ఉంటుంది.

ఇప్పుడు మన పద్ధతి గురించి ఆలోచిద్దాం. కంప్యూటర్ తెలిసినవాళ్ళు ఒక సూత్రం చెబుతారు. ముఖ్యమైన ఫైల్ మూడు కాపీలుండాలి, రెండు రకాల వస్తువుల్లో ఉండాలి, ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. వినగానే నాకు ఇది కొత్తగా అనిపించలేదు. ఢావలో ఒక్కరి దగ్గరే ఎప్పుడు ఉంది? తల్లికి వచ్చు, మేనత్తకు వచ్చు, పెళ్ళై పక్క తండాకు వెళ్ళిన అక్కకూ వచ్చు. ఒకరు మరిచిపోతే ఇంకొకరు అందుకునేవారు. కరువొచ్చినా, వలసపోయినా పాట బతికింది అందుకే. ఫోన్ వచ్చాక మనం "రికార్డు చేశాం కదా" అని నేర్చుకోవడం మానేశాం. పది నోళ్ళలో ఉండాల్సినది ఒక్క పెట్టెలోకి పోయింది. ఫోన్ చెడ్డదని నేననను. పెట్టెలో పెట్టడంతోపాటు నోళ్ళలోనూ ఉంచుకోవాలంటున్నాను.

అందుకని సంఘం ముందు నా విన్నపాలు మూడు.

ఒకటి. ప్రతి తండా, ప్రతి గూడెం పాటలకు మూడు కాపీలు ఉండాలి. ఒకటి ఊళ్ళో, ఒకటి సంఘం దగ్గర, ఒకటి ఆన్‌లైన్‌లో. ఫైల్ పేరులోనే పాడినవారి పేరు, ఊరు, తేదీ రాయాలి. ఏ పాట అందరికీ వినిపించవచ్చో, ఏది ఇంటివాళ్ళకే ఉండాలో పాడినవారిని అడిగి రాసుకోవాలి. పూజ పాటలన్నీ యూట్యూబ్‌లో పెట్టేవి కావు.

రెండు. కాపీ తీసి బీరువాలో పెడితే సరిపోదు. బీరువాలో ఉన్న డిస్క్ కూడా చెడుతుంది. ఏడాదికొకసారి తెరిచి వినాలి. దానికి వేరే తేదీ ఎందుకు? ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి ఉంది, కేస్లాపూర్‌లో నాగోబా జాతర ఉంది, రెండేళ్ళకోసారి మేడారం ఉంది. ఆ రోజుల్లో పెద్దల గొంతులు మైకులో వినిపిద్దాం. వినబడితే కాపీ బాగున్నట్టు. వినబడకపోతే ఇంకో కాపీ నుంచి ఆ వారమే కొత్తది తీసుకుందాం.

మూడు. సెలవులకు ఇంటికి వెళ్ళే ప్రతి హాస్టల్ పిల్ల ఒక్క పాట నేర్చుకుని రావాలి. రికార్డు చేసి తేవడం కాదు, నేర్చుకుని రావాలి. మా హాస్టల్‌లో ఈ సంక్రాంతి సెలవుల నుంచి మొదలుపెడుతున్నాం. వచ్చాక రాత్రి భోజనాల తర్వాత పాడించుకుంటాం. లంబాడీ పిల్ల పాట కోయ పిల్ల నేర్చుకున్నా సంతోషమే.

ఆ అమ్మాయి ఇప్పుడు ఆ పాటలన్నీ నాలుగు చోట్ల పెట్టుకుంది. నాలుగో చోటు తన చెల్లెలు. రాని మూడు పాటల్లో ఒకటి తండాలో ఇంకా ఒక ముసలామెకు వచ్చని తెలిసింది. వచ్చే నెల వెళ్తోంది. మీ ఊళ్ళో అలాంటి ముసలామె ఉంటే మీరూ వెళ్ళండి, వీలైతే ఈ ఆదివారమే.